చూపుకు మిగిలిన పారశీకం: సాలార్‌జంగ్ మ్యూజియం, అచ్చతెలుగు, 1932

హైదరాబాదులో మూసీనది దక్షిణపు ఒడ్డున, దారుల్‌షిఫా వద్ద ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియంలో జనం గుమికూడే చోట్లు రెండు. గంటగంటకూ చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే గడియారం ఒకటి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెకా మరొకటి. పారశీక తివాచీల వద్ద, వ్రాతప్రతుల వద్ద రద్దీ తక్కువ. అక్కడికి వచ్చినవారు కూడా ఎక్కువసేపు నిలవరు. తబ్రీజ్, కాషాన్, కిర్మాన్, షీరాజ్ నేతగాళ్ల పనితనాన్ని రంగు చూసి మెచ్చుకుంటారు. స్నానమాడుతున్న షీరీనును ఖుస్రౌ చూసే దృశ్యం నేసిన తివాచీ ముందు కథ తెలియకపోయినా ఒక్క క్షణం ఆగుతారు. అలంకృతమైన వ్రాతప్రతి పుట దగ్గరికి వచ్చేసరికి బంగారు పూత, నీలి అంచు, చిన్న చిత్రం కంటపడతాయి. నడుమనున్న అక్షరాలు ఆ చిత్రంలో భాగంగానే తోస్తాయి. చదవడానికి రాసిన పుట చూడడానికి మాత్రమే మిగిలింది.

దీనికి మ్యూజియాన్ని తప్పుపట్టనక్కరలేదు. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) సేకరించిన, పూర్వుల నుంచి ఆయనకు సంక్రమించిన వస్తువులతో 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో జవహర్‌లాల్ నెహ్రూ దీనిని ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం ద్వారా ఇది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో ఇప్పటి భవనంలోకి మారింది. గమనించవలసింది ఆ మొదటి చిరునామాను. అది దివాను నివాసం. 1853 నుంచి 1883 దాకా దివానుగా ఉన్న ఒకటవ సాలార్‌జంగ్ కాలంలో పై స్థాయి ప్రభుత్వ వ్యవహారమంతా పారశీకంలో సాగింది. ఆయన మరణానంతరం, 1880లలో, ఉర్దూ ఆ చోటు తీసుకుంది. అంటే ఆ ఇంట్లో పారశీకం అలంకారం కాదు. రోజూ చేసే పని. పని పోయాక అలంకారమైంది.

తెలుగు సాహిత్య చరిత్ర కూడా పారశీకాన్ని ఇదే విధంగా అమర్చుకున్నదని ఈ వ్యాసం వాదన. ఉమర్ ఖయ్యాం, ఫిరదౌసి వంటి పేర్లు ‘అనువాదాలు’, ‘ఖండకావ్యాలు’ అనే ప్రకరణాల్లో గౌరవంగా కనిపిస్తాయి. కచేరీ మాటలు, బజారు మాటలు ‘అన్యదేశ్యాలు’ అనే శీర్షిక కింద భాషాచరిత్రలో కనిపిస్తాయి. ఈ రెండు గదుల మధ్య తలుపు లేదు. తలుపు ఉన్నట్లయితే, అచ్చతెలుగు కావ్యం మొదలుకొని 1932లో వెలువడిన రెండు ముఖ్యమైన రచనల వరకు కొన్నింటిని వేరుగా చదవవలసి ఉంటుంది.

మ్యూజియానికి తూర్పుగా 20 కిలోమీటర్లకు అటూ ఇటూగా, ఉప్పల్, నాచారం ప్రాంతాలు దాటి వరంగల్ రహదారిపై పోచారం ఉంది. ఐటీ ప్రాంగణాలు, టౌన్‌షిప్పులు వచ్చిన తర్వాత అక్కడి భూమి ధర మారింది. ధర మారిన చోట పాత కాగితానికి కొత్త విలువ వస్తుంది. తెలంగాణలో భూమి కొనదలచినవారు దస్తావేజు, జమాబందీ, ఇనాం, జాగీరు, సేత్వార్, 1954–55 నాటి ఖాస్రా పహాణీ వంటి మాటలతో పరిచయం పెంచుకోక తప్పదు. ఇవన్నీ పారశీకాలు కావు. ఇనాం అరబ్బీ నుంచి పారశీకం గుండా వచ్చింది. పహాణీ ‘చూడడం’ అనే అర్థం గల మరాఠీ మాట. అయినా వీటన్నింటినీ ఒక పరిపాలనా పదజాలంగా కుదిర్చినది పారశీకమే. దస్తావేజులో ‘దస్త్’ అంటే చేయి. దరఖాస్తు, బందోబస్తు, సిఫారసు, గుమాస్తా కూడా ఆ దారిన వచ్చినవే. వీటిలో అన్నిటికంటె విలక్షణమైనది సర్ఫేఖాస్. నిజాం సొంత ఖర్చుకు కేటాయించిన భూములకు ఆ పేరు. ‘సర్ఫ్’, ‘ఖాస్’ అనే రెండు అరబ్బీ మాటలను కలుపుతున్న ఆ ‘ఏ’ పారశీక వ్యాకరణంలోని ఇజాఫత్. తెలుగు లేఖకుడు పదాన్ని మాత్రమే కాక, మరో భాష సంధానప్రత్యయాన్ని కూడా తనకు తెలియకుండానే మోసుకొచ్చాడు. పోచారం వంటి చోట ఒక సర్వే నంబరు సర్ఫేఖాసా, పట్టానా, ఇనామా అన్న ప్రశ్న ఒక కుటుంబం జీవితకాలపు పొదుపును నిలబెట్టగలదు, కూల్చగలదు. మ్యూజియంలోని పారశీకం కంటె ఈ పారశీకానికే పాఠకులు ఎక్కువ, వారి శ్రద్ధా ఎక్కువే.

తెలుగు నిఘంటుకారులు, వైయాకరణులు దీనిని ఎలా చూశారన్నది గమనింపదగ్గ విషయం. సి.పి. బ్రౌన్ 1854లో మిశ్రభాషా నిఘంటువును వేరుగా ప్రకటించాడు. కచేరీ కాగితాల్లో, వ్యవహారంలో వాడుకైన పరభాషా పదాలకు తెలుగు నిఘంటువులో చోటు చాలదని, వాటికో ప్రత్యేక గ్రంథం కావాలని ఆయన గుర్తించాడు. నాలుగేళ్ల తర్వాత 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణం భాషను తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని విభజించింది. దస్తావేజు వీటిలో ఏ వర్గానికి చెందుతుందో ఆ విభజన చెప్పదు. బ్రౌన్ వేరుగా ఉంచినది గౌరవంతోనే కావచ్చు. సూరి విడిచినది కావ్యభాష మీది నిష్ఠతోనే కావచ్చు. ఫలితం మాత్రం ఒక్కటే: రైతు నోట ఉన్న మాట సాహిత్యశాస్త్రానికి వెలుపల నిలిచింది.

ఈ విభజన ఎప్పుడూ ఇలాగే లేదు. గోలకొండ కుతుబ్‌షాహీ వంశస్థాపకుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి వచ్చినవాడు. ఆ వంశంలో 1550 నుంచి 1580 వరకు ఏలిన ఇబ్రహీం, సింహాసనానికి రాకముందు ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో గడిపాడు. తెలుగు కవులకు ఆయన మల్కిభరాముడు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన అధికారి, పటాన్‌చెరువులో ఉన్న అమీన్‌ఖానుకు పొన్నెగంటి తెలగనార్యుడు యయాతి చరిత్రను అంకితం చేశాడు. తొలి అచ్చతెలుగు కావ్యంగా సాహిత్య చరిత్రలో యయాతి చరిత్ర స్థానం అందరికీ తెలిసినదే. అయితే ఆ తొలి కావ్యం పారశీక సంస్కారం గల కొలువు నీడలో ఎందుకు పుట్టిందన్న ప్రశ్నకు తగినంత బరువు దక్కలేదు.

సులువుగా తోచే సమాధానం ఒకటుంది: సంస్కృతం తెలియని ముస్లిం ప్రభువుకు అర్థమయ్యేలా రాశాడని. ఈ సమాధానం నిలవదు. అదే కొలువులో, అదే కాలంలో, సంస్కృత సమాసాలకు కొరతలేని ప్రబంధాన్ని ఆ అధికారి ప్రభువే అంకితం పుచ్చుకున్నాడు. పైగా అచ్చతెలుగు సులభమైన తెలుగు కాదు. తత్సమాన్ని తోసివేసినందుకు కవి మూలమూలల నుంచి దేశ్యాలను వెదికి తేవలసి వస్తుంది. ఒక్కొక్కచోట తత్సమం కంటె అదే దుర్గమమవుతుంది. అది పండితుడు పండితుల ఎదుట చేసే విద్య.

మరో దారిలో ఆలోచించవచ్చు. పారశీక సాహిత్యంలో 1010లో పూర్తయిన ఫిరదౌసి షానామా అరబ్బీ మాటలను వీలైనంత మితంగా వాడిన కావ్యంగా ప్రసిద్ధం. మత, శాస్త్ర భాషగా అరబ్బీ ఆధిక్యం ఉన్న చోట ఒక దేశభాష తన మాటలతో తాను యాభైవేల ద్విపదలకు సమీపంగా నడవగలనని నిరూపించింది. తెలుగులో ఆ ఆధిక్యస్థానం సంస్కృతానిది. షానామాను ఎరిగిన కొలువులో అచ్చతెలుగు తలెత్తడాన్ని ప్రభావం అనడం తొందరపాటు. ఆ మాట అనాలంటే కావ్యపీఠికలో కనీసం ఒక సూచన అయినా చూపాలి. పోలిక అనడంలో మాత్రం దోషం లేదు. రాజభాష పారశీకమైన చోట సంస్కృతం తెలుగుకు గౌరవాన్ని ఇచ్చే ఏకైక ఆధారం కాకుండా పోయింది. అటువంటి కొలువులో తెలుగు తన కాళ్ల మీద తాను నిలబడి చూపడం ఒక విలువైన కానుక కాగలదు. అమీన్‌ఖాను అందుకున్నది ఆ కానుకే అనుకుంటే, అచ్చతెలుగు చరిత్ర ‘శబ్దక్రీడ’ అన్న ఒక్క మాటతో ముగిసేది కాదు.

మూడున్నర శతాబ్దాల తర్వాత అచ్చతెలుగు మళ్లీ పారశీకానికి ఎదురుపడింది. ఈసారి కొలువులో కాదు, ముద్రితగ్రంథంలో. 1932లో ఆదిభట్ల నారాయణదాసు ఉమర్ ఖయ్యాం రుబాయీలను వెలువరించారు. పారశీక మూలాన్ని, 1859లో తొలిసారి అచ్చయిన ఫిట్జెరాల్డ్ ఆంగ్లపాఠాన్ని రెంటినీ తీసుకుని, ఒక్కొక్కదానిని సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ మార్చారు. హరికథా పితామహుడిగా ఆయనకున్న కీర్తి ఈ గ్రంథాన్ని కొంత మరుగుపరచింది. ఇది కేవలం అనువాదం కాదు. అనువాద విమర్శ కూడా. ఒకే పుటలో మూలమూ ఆంగ్లమూ పక్కపక్కన నిలిచినప్పుడు, ఫిట్జెరాల్డ్ ఖయ్యాం నుంచి ఎంత దూరం నడిచాడో వేరే వ్యాఖ్యానం అక్కరలేకుండానే తెలుస్తుంది. తక్కిన భారతీయ భాషల్లో ఖయ్యాం ఎక్కువగా ఆంగ్లం గుండా వస్తున్న కాలంలో, విజయనగరం నుంచి ఒక హరిదాసు ఆ దారినే పరీక్షకు పెట్టాడు.

తెలుగులో ఆయన ఒంటరి కాదు. పిఠాపురానికి చెందిన ఉమర్ అలీషా, నెల్లూరు ప్రాంతపు కర్షకకవి దువ్వూరి రామిరెడ్డి పారశీకం చదివి ఖయ్యామును తెలుగు చేశారు. దువ్వూరి ‘పానశాల’ పొందిన ఆదరణ తక్కిన రెంటికీ దక్కలేదు. ఆ ఆదరణకు కవిత్వమే కారణం, అందులో సందేహం లేదు. అయితే శీర్షికలోనే ఒక ఎంపిక ఉంది. ‘మైఖానా’ తెలుగులో ‘పానశాల’ అయినప్పుడు పారశీకం సంస్కృతం తొడుక్కుని వస్తుంది. నారాయణదాసు అచ్చతెలుగు తొడిగారు. మూడో దారి కూడా ఒకటుంది. ఖయ్యాం చతుష్పదుల్లో కుమ్మరి దుకాణం, మట్టిపాత్రలు మాటిమాటికీ వస్తాయి. ఫిట్జెరాల్డ్ తొలిముద్రణలో ఆ భాగానికి ‘కూజానామా’ అనే పేరే ఉంచాడు. కూజా అన్న మాట ఆంగ్లపాఠకుడికి అపరిచితం. తెలుగువాడికి? వేసవి వస్తే ఇంట్లో నీళ్లు పోసుకునేది కూజాలోనే. ఖయ్యాం చేతిలోని పాత్రకు తెలుగింట అదే పేరు ఉంది. కలశం తత్సమం, కుండ దేశ్యం, కూజా అన్యదేశ్యం. అనువాదకుడి ముందు మూడూ ఉన్నాయి. అనువాద సిద్ధాంతం ‘దేశీయీకరణ’, ‘విదేశీయీకరణ’ అని గీసే గీత ఈ మాట దగ్గర చెరిగిపోతుంది. మూలభాషా పదమే లక్ష్యభాషలో ఇంటి మాట అయితే దానిని ఏమనాలి?

ఛందస్సు విషయంలో నష్టం మరింత స్పష్టం. రుబాయీ నాలుగు పాదాల పద్యం. మొదటి, రెండవ, నాలుగవ పాదాల చివర అంత్యప్రాస కలుస్తుంది; మూడవ పాదం తరచు విడిగా ఉంటుంది. ఆ విడి పాదంలోనే ఆలోచన మలుపు తిరుగుతుంది. చెవి ఒక్క క్షణం ఆధారం కోల్పోయి, నాలుగో పాదంలో మళ్లీ నేల మీద దిగుతుంది. తెలుగు వృత్తంలో కూడా పాదాలు నాలుగే కనుక రూపం సరిపోయిందన్న భ్రమ కలుగుతుంది. అయితే వృత్తంలో ప్రాస పాదాంతంలో కాదు, పాదం రెండో అక్షరంలో. అదీ నాలుగు పాదాల్లోనూ తప్పనిసరి. ఉత్పలమాలలోనో చంపకమాలలోనో మూడో పాదానికి విడుదల లేదు. మొదలుపెట్టీపెట్టగానే తక్కిన మూడింటితో ముడిపడుతుంది. భావం తిరిగినా నాదం తిరగదు. ప్రాసనియమం లేని ఆటవెలది, తేటగీతి ఈ బంధాన్ని తప్పిస్తాయి కాని, అన్ని పాదాలకూ అదే స్వేచ్ఛ ఇస్తాయి కనుక మూడో పాదానికి ప్రత్యేకత మిగలదు. ఆటవెలదిలో ఖయ్యాం వేమనలా వినబడే ప్రమాదమూ ఉంది. కొందరికి అది లాభంగా తోచవచ్చు. ఈ ఒక్క విషయంలో ఆంగ్లానువాదానికి మెచ్చుకోలు దక్కాలి. మూలార్థాన్ని ఎంత మార్చినా ఫిట్జెరాల్డ్ ఆ మూడో పాదాన్ని విడిగానే ఉంచాడు.

సాకీ సంగతి మరొకటి. పారశీకంలో ప్రథమపురుష సర్వనామానికి లింగభేదం లేదు. ‘ఊ’ అంటే అతడూ కావచ్చు, ఆమె కావచ్చు. పారశీక సూక్ష్మచిత్రాల్లో మధువు అందించేవారు తరచు లేతప్రాయపు కుర్రవాళ్లు. తెలుగు వ్యాకరణం అనువాదకుడిని ఎంచుకోమంటుంది. అతడనో, ఆమె అనో చెప్పక తప్పదు. తెలుగు పాఠకుడి ఊహలో సాకీ స్త్రీగా స్థిరపడిపోయింది. సాకీని తలచుకుంటూ మ్యూజియానికి వచ్చిన తెలుగు పాఠకుడికి చిత్రంలో పిన్నవయసు యువకుడు కనిపిస్తే, తప్పు చిత్రకారుడిది అనిపించవచ్చు.

అదే 1932లో గుర్రం జాషువ ‘ఫిరదౌసి’ వచ్చింది. ఫిరదౌసి సహస్రాబ్ది ఉత్సవాలు ఇరాన్‌లో జరిగి, తూస్‌లో కొత్త సమాధి మందిరం ప్రారంభమైనది 1934లో. అంతకు రెండేళ్ల ముందే తెలుగు కవి ఆ కథను అందుకున్నాడు. పద్యానికి బంగారు నాణెం ఇస్తానన్న గజనీ మహమూదు వెండి నాణేలు పంపడం, కవి అవమానంతో వెళ్లిపోవడం, పశ్చాత్తాపంతో సుల్తాను పంపిన ధనం కవి మరణించాక చేరడం ఈ ఐతిహ్యంలోని ప్రధాన ఘట్టాలు. మాట తప్పిన ప్రభువు, మోసపోయిన కవి అన్న కోణంలో కావ్యం పాఠ్యాంశంగా స్థిరపడింది. ఆ కోణం సరైనదే, అంతటితో సరిపోదు.

ఈ ఐతిహ్యానికి పాత ఆధారాల్లో ముఖ్యమైనది 12వ శతాబ్దిలో నిజామీ అరూజీ రాసిన చహార్ మఖాలా. అందులో రెండు వివరాలు తెలుగు విమర్శకు పనికివచ్చేవి. సుల్తాను పంపిన నీలిమందు మోసుకొచ్చిన ఒంటెలు ఊరి ఒక ద్వారం గుండా లోపలికి వస్తుండగా, మరో ద్వారం గుండా కవి శవం బయటికి వెళ్లింది. ఇది అందరూ చెప్పుకునేదే. రెండోది అంతగా చెప్పుకోనిది. కవి రాఫిజీ, అంటే షియా మార్గానుసారి, కనుక ముస్లిముల శ్మశానంలో పూడ్చనివ్వనని ఒక మతబోధకుడు అడ్డుపడ్డాడు. ఎవరు చెప్పినా వినలేదు. చివరకు ఊరి ద్వారం లోపల ఫిరదౌసి సొంత తోటలోనే సమాధి చేశారు.

జాషువను చదివేవారికి ఈ వివరం ఏమి చెబుతుందో విడమరచనక్కరలేదు. ‘శ్మశానవాటి’ పద్యాలు రాసిన కవి, 1941లో ‘గబ్బిలం’ రాసిన కవి ఎన్నుకున్న పారశీక కథానాయకుడు, ధనంతో పాటు మట్టి కూడా నిరాకరింపబడినవాడు. ఫిరదౌసిని కేవలం రాజు చేత మోసపోయిన కవిగా చదివినప్పుడు సంఘర్షణ ఇద్దరు వ్యక్తుల మధ్య ఉంటుంది. ప్రభువు పశ్చాత్తాపపడగానే అది చల్లారుతుంది కూడా. శ్మశానం దగ్గరి నిరాకరణను లెక్కలోకి తీసుకుంటే సంఘర్షణ సమాజంతో మొదలవుతుంది, దానిని ఏ సుల్తాను పశ్చాత్తాపమూ తీర్చలేదు. కావ్యపాఠంలో ఈ ఘట్టానికి ఎంత చోటు ఉందన్నది ఒక ప్రశ్న. ఆ కథ జాషువను ఎందుకు పట్టుకుందన్నది అంతకంటె పెద్ద ప్రశ్న. రెండో ప్రశ్నకు మార్గం పారశీక మూలాల గుండానే ఉంది. సాలార్‌జంగ్ గ్రంథాలయంలో ఉన్న షానామా ప్రతులను ‘ఇది జాషువ ఫిరదౌసి రాసిన పుస్తకం’ అని గుర్తించే తెలుగు విద్యార్థి ఉంటే, గాజుపలక ఇవతల నుంచి కూడా కొంత చదివినట్లే.

ఒకప్పుడు గాజుపలక లేకుండానే చదివినవారు ఉన్నారు. హైదరాబాదు రాష్ట్రానికి 1952 నుంచి 1956 వరకు ముఖ్యమంత్రిగా ఉన్న బూర్గుల రామకృష్ణారావు పారశీక వాఙ్మయ చరిత్రను తెలుగులో రాశారు. సురవరం ప్రతాపరెడ్డి తరానికి ఉర్దూ, పారశీకాలు సాంస్కృతిక విలాసం కావు, బడి చదువు. పారశీకం ఏలుబడిలో ఉన్నప్పుడు దానిని కష్టంగా మోసిన తెలుగువారే, అది పోయాక దానిని చదవగల చివరి తెలుగు తరంగా మిగిలారు. తెలుగు బోధన ఆ భాష పెత్తనం కింద నలిగిన మాట నిజం. దానిని దాచి పారశీకాన్ని గులాబీతోటగా మాత్రమే వర్ణించడం చరిత్రకు అన్యాయం. పెత్తనం పోయింది గనుక పాఠం కూడా పోవాలనడం మరో అన్యాయం.

మ్యూజియం గ్రంథాలయంలోని పారశీక వ్రాతప్రతులకు మహమ్మద్ అష్రఫ్ సంపుటాలుగా కూర్చిన వివరణాత్మక సూచి ఆంగ్లంలో ఉంది. వ్రాతప్రతి చదవలేనివారికి కూడా ఆ గ్రంథాలయంలో ఏమున్నదో అది చెబుతుంది. పోచారం నుంచి వచ్చే దారిలో, ఉప్పల్ కూడలి దాటి తార్నాక వైపు తిరిగితే రాష్ట్ర పురావస్తు పత్రాల భాండాగారం ఉంది. షాజహాను, ఔరంగజేబు కాలాల దక్కన్ పరిపాలన కాగితాలు పారశీకంలో అక్కడ వేల సంఖ్యలో ఉన్నాయి. దానికి కూతవేటు దూరంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం. అక్కడ తెలుగు శాఖ, పారశీక శాఖ ఒకే ఆర్ట్స్ కళాశాలకు చెందినవి. కుతుబ్‌షాహీ ఫర్మానాల్లో పారశీక పాఠంతో పాటు తెలుగు పాఠం కూడా ఉన్నవి కొన్ని దొరుకుతున్నాయి. ఆ కాగితం మీద పారశీకం సగాన్ని ఒక శాఖ, తెలుగు సగాన్ని మరో శాఖ చదువుతాయి. రాసిన కొలువులో మాత్రం రెండూ ఒకే ఆజ్ఞ.